చిన్న లాట్లకు ఏ కంట్రోల్ చార్ట్? ఆరు పద్ధతుల పోలిక

కంట్రోల్ చార్ట్ (కొలతలను తయారైన వరుసలో చుక్కలుగా పెట్టి, ప్రాసెస్ నిలకడ తప్పిందేమో పై, కింది హద్దులతో చూసే పటం) మొదలుపెట్టాలంటే ఐదేసి పీసుల సబ్‌గ్రూపులు (ఒకేసారి తీసి కొలిచే పీసుల గుంపులు) 20 నుంచి 25 దాకా కావాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంటే వందకు పైగా పీసులు కొలిస్తే గానీ హద్దులు గీయలేం. మరి ఆర్డరే 12 పీసులైతే? హద్దులు లెక్క తేలేసరికి జాబ్ డిస్పాచ్ అయిపోయి ఉంటుంది. అందుకే చిన్న లాట్లు చేసే చోట కొందరు ఎస్‌పీసీ (గణాంకాలతో ప్రాసెస్‌ను అదుపులో ఉంచే పద్ధతి) మనకు పనికిరాదని వదిలేస్తారు. ఇంకొందరు ఆడిటర్ అడుగుతాడని ప్రతి పార్ట్ నంబరుకూ ఒక చార్ట్ తెరిచి, అయిదారు చుక్కలు పెట్టి ఫైల్లో దాస్తారు. ఈ రెండో రకం మొదటిదానికన్నా మేలేమీ కాదు, పైపెచ్చు కాగితం దండగ.

వాల్టర్ షూహార్ట్ 1924లో తొలి కంట్రోల్ చార్ట్ గీసినప్పుడు ఆయన ముందున్నది టెలిఫోన్ పరికరాల భారీ ఉత్పత్తి. ఒకే పార్టు, వేల సంఖ్యలో. మనకు అలవాటైన ‘పార్టుకో చార్ట్’ పద్ధతి ఆ నేపథ్యంలోంచి వచ్చింది. చిన్న లాట్లకు వచ్చేసరికి దీన్ని తలకిందులు చేయాలి: చార్ట్ గీయాల్సింది పార్టుకు కాదు, దాన్ని తయారుచేసే ప్రాసెస్‌కు. ఆ పార్టు 12 పీసులే కావచ్చు. కానీ అదే లేత్, అదే రకం ఇన్సర్టు (టూల్ కొసన బిగించే కోత ముక్క)తో, అదే మెటీరియల్ మీద ఈ నెలలో కొన్ని వందల వ్యాసాలు తిప్పి ఉంటుంది. డేటా లేక కాదు, అది పార్ట్ నంబర్ల వారీగా చీలిపోయి ఉండటం వల్లే మనకు కొరత అనిపిస్తుంది. కింద చెప్పే పద్ధతుల్లో చాలావరకు ఆ చీలిన డేటాను ఒకచోటికి చేర్చే ఉపాయాలే.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు గేజ్. చెదురు (కొలతలు సగటు చుట్టూ చెల్లాచెదురయ్యే తీరు) సిగ్మాలో, అంటే ప్రామాణిక విచలనంలో, 4 మైక్రాన్లు ఉన్న ప్రాసెస్‌ను 0.02 మి.మీ. వెర్నియర్‌తో కొలిస్తే రీడింగులన్నీ ఒకటే వస్తాయి, చార్ట్ మీద అడ్డగీత తప్ప ఏమీ కనబడదు. ఆ సమస్యను ఏ చార్టూ తీర్చలేదు. ఇది సరిచూసుకోకుండా చార్ట్ పేర్ల మీద వాదించుకోవడం వృథా.

గేజ్ సరిగా ఉందనుకుంటే, తర్వాత అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

- లాటుకు ఎన్ని పీసులు, అదే పార్టు మళ్లీ ఎప్పుడు వస్తుంది?
- ఒకే మెషీన్ మీద నడిచే వేర్వేరు పార్టుల చెదురు దాదాపు సమానమా, లేక ఒకటి 2 మైక్రాన్లు, ఇంకొకటి 10 మైక్రాన్లా?
- పాత రీడింగులు నమ్మదగ్గవి చేతిలో ఉన్నాయా?
- ఎంత చిన్న జరుగుదలను పట్టుకోవాలి?
- చుక్క పెట్టేది ఎవరు: మెషీన్ దగ్గర పెన్సిల్‌తో ఆపరేటరా, ఆఫీసులో సాఫ్ట్‌వేరా?
- మీ అసలు ప్రశ్న ‘పీసులు టాలరెన్స్‌లో ఉన్నాయా’ అనా, ‘ప్రాసెస్ నిలకడగా ఉందా’ అనా?

ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. రెండూ వేర్వేరు ప్రశ్నలు, వాటికి జవాబిచ్చే చార్టులూ వేరు.

ఆరింటినీ ఒకచోట పెడితే

| పద్ధతి | పాత డేటా | వేర్వేరు పార్టులు కలపొచ్చా | మెషీన్ దగ్గర చేతితో | బలహీనత |
|---|---|---|---|---|
| పార్టుకో ఐ-ఎమ్ఆర్ | అదే పార్టువి 20 దాకా | కాదు | తేలిక | పార్టు తరచూ రాకపోతే డేటా చాలదు |
| నామినల్ నుంచి తేడా | కలిపి 20 దాకా | చెదురు సమానమైతే | తేలిక | చెదురు తేడాగా ఉంటే తప్పుదారి |
| ప్రామాణీకరించిన జెడ్ | ప్రతి పార్టు రకానికీ సిగ్మా | ఔను | కాస్త కష్టం | సిగ్మా అంచనా తప్పితే అంతా తప్పు |
| క్యూ చార్ట్ | అక్కర్లేదు | ఔను | కుదరదు | మొదట్లోనే తప్పు జరిగితే దాన్ని మింగేస్తుంది |
| క్యూసమ్, ఈడబ్ల్యూఎమ్ఏ | సగటు లక్ష్యం, సిగ్మా | తేడా లేదా జెడ్ విలువలతో | కొంత కష్టం | ఒక్క లాటు పొడవు సరిపోదు |
| ప్రీ-కంట్రోల్ | అక్కర్లేదు | అవసరం రాదు | చాలా తేలిక | నిలకడ గురించి చెప్పదు |

పార్టుకో ఐ-ఎమ్ఆర్ చార్ట్

ఒక్కో రీడింగు ఒక చుక్క. పక్కపక్క రీడింగుల మధ్య తేడా మూవింగ్ రేంజ్. సగటుకు అటూ ఇటూ మూవింగ్ రేంజ్ సగటుకు 2.66 రెట్లు హద్దులు. లెక్క ఇంతే. అదే పార్టు నెలనెలా తిరిగి వస్తుంటే, పాత లాట్ల రీడింగులు వరుసగా కలుపుకుంటూ పోతే ఇది చాలు, ఇంకేమీ వెతకక్కర్లేదు. ఏడాదికోసారి వచ్చే పార్టుకు మాత్రం దీన్ని గీయకండి. పది రీడింగుల నుంచి లెక్కించిన సిగ్మా అసలు విలువకు నాలుగో వంతు అటో ఇటో ఉండటం మామూలే. ఆ సిగ్మా మీద కట్టిన హద్దులకు ఎంత విలువ ఇవ్వాలో మీరే ఆలోచించండి.

నామినల్ నుంచి తేడా చార్ట్

చిన్న లాట్లకు నేను మొదట సూచించేది ఇదే. కొలత నుంచి నామినల్ (డ్రాయింగ్ మీద ఇచ్చిన కొలత) తీసేసి, మిగిలిన తేడాను చార్ట్ మీద పెట్టాలి. 25 మి.మీ. షాఫ్టయినా, 40 మి.మీ. షాఫ్టయినా చుక్క ‘లక్ష్యానికి ఎన్ని మైక్రాన్లు దూరం’ అన్నదే చెబుతుంది. కాబట్టి అన్నీ ఒకే కాగితం మీద, తయారైన వరుసలో కూర్చుంటాయి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒకే లేత్ మీద మూడు జాబులు, తేడాలు మైక్రాన్లలో:

| జాబ్ | నామినల్ | వరుసగా తేడాలు |
|---|---|---|
| మొదటిది | 25 మి.మీ. | +4, −2, +3, +1 |
| రెండోది | 40 మి.మీ. | +6, 0, +2 |
| మూడోది | 32 మి.మీ. | −3, +5, +1 |

పది రీడింగుల సగటు +1.7. మూవింగ్ రేంజులు 6, 5, 2, 5, 6, 2, 5, 8, 4. వాటి సగటు 4.78. హద్దులు 1.7కు అటూ ఇటూ 12.7, అంటే −11.0 నుంచి +14.4. మూవింగ్ రేంజ్ పై హద్దు 4.78కి 3.267 రెట్లు, అంటే 15.6. పదే రీడింగులు కాబట్టి ఇవి తాత్కాలిక హద్దులే, ఇరవై దాటాక మళ్లీ లెక్కించాలి. అయినా నాలుగో జాబ్ మొదటి పీసు +16 వస్తే ఆగి చూడటానికి కారణం దొరికినట్టే. ఏ పార్టుకూ నాలుగు పీసులు మించకపోయినా చార్ట్ పని మొదలుపెట్టింది చూడండి.

ఇదే లెక్కలో ఇంకో పరీక్ష దాగి ఉంది. జాబ్ మారిన చోట వచ్చిన రెండు మూవింగ్ రేంజులను (రెండూ 5) పక్కన పెట్టి సగటు మళ్లీ తీయండి: 33ను 7తో భాగిస్తే 4.71. దాదాపు మారలేదు. అంటే జాబ్ మారినప్పుడు సెటప్ వల్ల అదనంగా చెదురు రావడం లేదన్నమాట. అలా కాకుండా సగటు బాగా పడిపోయిందనుకోండి, మీ జబ్బు పీసుల మధ్య కాదు, సెటప్‌లో ఉంది. దాని సంగతి కింద చూద్దాం.

ఈ చార్టుకు ఉన్న షరతు ఒక్కటే: కలిపిన పార్టుల చెదురు దాదాపు సమానంగా ఉండాలి. ఏదైనా పార్టు రేంజ్ సగటు మొత్తం సగటుకు 1.3 రెట్లు దాటితే దాన్ని విడిగా చూడటం మంచిదన్నది వాడుకలో ఉన్న కొండగుర్తు. వ్యాసం పెరిగితే చెదురు పెరగొచ్చు. సన్నగా పొడుగ్గా ఉన్న షాఫ్ట్ వంగి కొలత చెదరొచ్చు. మెటీరియల్ మారినా అంతే. వీటిని కళ్లు మూసుకుని కలిపేస్తే, ఎక్కువ చెదిరే పార్టు హద్దులను వెడల్పు చేస్తుంది, తక్కువ చెదిరే పార్టులో వచ్చిన తప్పు వాటి చాటున దాక్కుంటుంది.

లక్ష్యం విషయంలో ఒక జాగ్రత్త. డ్రాయింగ్ మీద ఉన్న అంకె ఎప్పుడూ లక్ష్యం కాదు. టాలరెన్స్ ఒకవైపే ఇచ్చినప్పుడు లక్ష్యం దాని మధ్యలో ఉంటుంది. బయటి వ్యాసాన్ని కావాలనే పెద్ద వైపు పట్టి, రీవర్కుకు వీలు ఉంచుకునే ఆపరేటరు ఉంటే ఆయన గురిపెట్టిన కొలతే లక్ష్యం. రనౌట్, ఫ్లాట్‌నెస్ లాంటివి సున్నాకు కిందికి పోలేవు కాబట్టి వాటికి పాత సగటును లక్ష్యంగా తీసుకోవాలి.

ప్రామాణీకరించిన జెడ్ చార్ట్

చెదురు సమానంగా లేనప్పుడు తేడాను ఆ పార్టు రకం సిగ్మాతో భాగిస్తే జెడ్ విలువ వస్తుంది. హద్దులు ఎప్పుడూ −3, +3. తిప్పిన వ్యాసానికి సిగ్మా 4 మైక్రాన్లు, గ్రైండింగ్ చేసిన వ్యాసానికి 1 మైక్రాన్ అనుకుందాం. రెండింటిలోనూ +5 మైక్రాన్లు వస్తే, మొదటిదానికి అది 1.25, ఊరికే వదిలేయొచ్చు. రెండోదానికి 5, మెషీన్ ఆపాలి. తేడా చార్ట్ ఈ రెంటినీ ఒకేలా చూపిస్తుంది, జెడ్ చార్ట్ విడదీస్తుంది.

దీని ఇబ్బంది ప్రతి పార్టు రకానికీ సిగ్మా ముందే తెలిసి ఉండాలన్నది. కొత్త పార్టుకు అది ఎక్కడి నుంచి వస్తుంది? పార్ట్ నంబరు వారీగా వెతక్కుండా ‘మెటీరియల్, ఆపరేషన్, సైజు పరిధి’ ఆధారంగా కుటుంబాలు చేసి, కుటుంబానికో సిగ్మా పెట్టుకోవడమే ఆచరణలో నిలబడే దారి. కొందరు సిగ్మా దొరకలేదని టాలరెన్స్‌తో భాగిస్తారు. దాని జోలికి పోవద్దు: టాలరెన్స్ కోరిక, సిగ్మా వాస్తవం. కోరికతో భాగించి గీసిన హద్దులు ప్రాసెస్ గురించి ఏమీ చెప్పవు.

సబ్‌గ్రూపులు తీసే వీలుంటే ఇదే ఆలోచన ఎక్స్-బార్ ఆర్ చార్టుకూ (సబ్‌గ్రూపు సగటును, అందులోని పెద్ద, చిన్న కొలతల తేడా అయిన రేంజ్‌ను చూసేది) పనిచేస్తుంది. సబ్‌గ్రూపు సగటు నుంచి లక్ష్యం తీసేసి, ఆ కుటుంబం రేంజ్ సగటుతో భాగించండి. ఐదు పీసుల సబ్‌గ్రూపుకు హద్దులు −0.577, +0.577 అవుతాయి.

క్యూ చార్ట్

ఛార్లెస్ క్వెసెన్‌బెరీ 1991లో ప్రతిపాదించిన పద్ధతి. పాత డేటా అసలే వద్దు. ప్రతి కొత్త రీడింగును అప్పటిదాకా వచ్చిన రీడింగుల సగటుతో, చెదురుతో పోల్చి, టీ పంపిణీ (తక్కువ రీడింగులున్నప్పుడు వాడే గణాంక పంపిణీ) మీదుగా ఒక ప్రామాణిక విలువగా మారుస్తుంది. మూడో పీసు నుంచే చుక్క పడుతుంది, హద్దులు మళ్లీ −3, +3. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

చిక్కు ఏమిటంటే, అది తన కొలబద్దను మీ డేటాతోనే తయారుచేసుకుంటుంది. అయిదో పీసు దగ్గర ఇన్సర్ట్ అంచు విరిగి కొలత జరిగిందనుకోండి. ఒకటి రెండు చుక్కలు పైకి లేస్తాయి, అవి హద్దు దాటకపోతే ఆ తర్వాతి రీడింగులు కొత్త సగటులో కలిసిపోయి చార్ట్ ప్రశాంతంగా సాగుతుంది. తప్పే అలవాటైపోతుంది. కాబట్టి దీన్ని వాడితే లేచిన ఒక్క చుక్కనూ తేలిగ్గా తీసుకోకూడదు. లెక్క చేతితో అయ్యేది కాదు, మెషీన్ దగ్గర స్క్రీన్ ఉండాలి. ఆపరేటరుకు ‘ఈ 1.8 ఏమిటి’ అని వివరించడమూ తేలిక కాదు. కొత్త ప్రాసెస్ మొదటి వారాల్లో వాడి, సిగ్మా నమ్మకంగా తేలగానే జెడ్ చార్టుకు మారిపోవడం నా సలహా.

క్యూసమ్, ఈడబ్ల్యూఎమ్ఏ

క్యూసమ్ లక్ష్యం నుంచి తేడాలను కూడుకుంటూ పోతుంది, ఈడబ్ల్యూఎమ్ఏ కొత్త చుక్కలకు ఎక్కువ బరువిచ్చే సగటు తీస్తుంది. చిన్న జరుగుదలలను పట్టడంలో ఈ రెండింటికీ పేరుంది. పేజ్ 1954లో మొదటిదాన్ని, రాబర్ట్స్ 1959లో రెండోదాన్ని ప్రతిపాదించారు. సగటు ఒక సిగ్మా జరిగితే, విడి రీడింగుల షూహార్ట్ చార్ట్ దాన్ని పట్టడానికి సగటున 44 చుక్కలు తీసుకుంటుంది. క్యూసమ్ (సిగ్మాల్లో: పట్టించుకోకుండా వదిలే మేర కె 0.5, గంట మోగే హద్దు హెచ్ 5) పదింట్లో పట్టేస్తుంది. ఈడబ్ల్యూఎమ్ఏ కూడా దాదాపు అంతే.

ఈ అంకెలే వీటి పరిమితినీ చెబుతున్నాయి. లాటు ఎనిమిది పీసులే అయితే పదో చుక్క దగ్గర మోగే గంట వల్ల లాభమేమిటి? లాటు లాటుకూ సున్నా నుంచి మొదలుపెడితే వీటికి అర్థం లేదు. తేడా లేదా జెడ్ విలువలను మెషీన్ వారీగా వరుసగా పేర్చినప్పుడే బలం వస్తుంది. అప్పుడు పట్టేది కూడా లాటులో తప్పు కాదు, స్పిండిల్ బేరింగ్ అరుగుదల, కూలెంట్ క్రమంగా చెడటం లాంటి నెమ్మది మార్పులు. రెండింట్లో ఏది అంటే, ఈడబ్ల్యూఎమ్ఏ. లాంబ్డా 0.2 పెడితే కొత్త విలువ = 0.2 × ఇవాళ్టి చుక్క + 0.8 × నిన్నటి విలువ. హద్దులు దాదాపు ఒక సిగ్మా దగ్గర స్థిరపడతాయి. మామూలు కాలిక్యులేటర్ చాలు.

ప్రీ-కంట్రోల్

1950ల నుంచీ వాడుకలో ఉన్నది, ఇప్పటికీ వాదోపవాదాలు ఆగనిది. టాలరెన్స్‌ను నాలుగు భాగాలు చేయండి. మధ్య రెండు భాగాలు ఆకుపచ్చ, చెరో అంచు భాగం పసుపు, బయట ఎరుపు. వరుసగా ఐదు పీసులు ఆకుపచ్చ వస్తే సెటప్ సరే. నడుస్తున్నప్పుడు ఒక పీసు చూడండి: ఆకుపచ్చ అయితే సాగండి. పసుపు వస్తే రెండో పీసు చూడండి. అది ఆకుపచ్చ అయితే సాగండి. రెండూ ఒకే వైపు పసుపు అయితే సరిచేయండి, చెరో వైపు పసుపు అయితే లేదా ఏదైనా ఎరుపు పడితే ఆపండి.

దీన్ని కొట్టిపారేసే గణాంక నిపుణులు ఉన్నారు, వాళ్ల మాటలో నిజం ఉంది. ప్రాసెస్ సామర్థ్యం సరిగ్గా సీపీ 1 (టాలరెన్స్ వెడల్పు ఆరు సిగ్మాలకు సమానం) అయి, సగటు నట్టనడుమ ఉన్నా ఒక పీసు ఆకుపచ్చలో పడే అవకాశం 86.6 శాతమే. వరుసగా ఐదు ఆకుపచ్చలు రావడం 49 శాతం, బొమ్మాబొరుసూ వేసినట్టే. ఏ తప్పూ లేని సెటప్‌ను రెండుసార్లలో ఒకసారి తిప్పి చూస్తారన్నమాట. సీపీ 1.33కు ఆ అవకాశం 79 శాతానికి పెరుగుతుంది. రెండో కొసకు వెళ్దాం: సీపీ 2 ఉన్న ప్రాసెస్ సగటు 1.5 సిగ్మా జరిగినా 93 శాతం పీసులు ఇంకా ఆకుపచ్చలోనే ఉంటాయి, ప్రీ-కంట్రోల్ కిమ్మనదు. అయితే ఆ పీసులన్నీ మంచివే కదా అని ఆపరేటరు అడిగితే ఆయన మాటా నిజమే. ప్రీ-కంట్రోల్ చూసేది టాలరెన్స్‌ను, ప్రాసెస్‌ను కాదు. సీపీ 1.33 నుంచి 1.67 మధ్య ఉండి, లాటు 15 నుంచి 50 పీసులై, కాలిక్యులేటర్ జోలికి పోని చోట నేను దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. సీపీ 1 కన్నా తక్కువైతే మాత్రం వద్దు. ఊరికే ఆఫ్‌సెట్లు (మెషీన్‌లో టూల్ స్థానాన్ని దిద్దే అంకెలు) తిప్పుకుంటూ కూర్చుంటారు.

సెటప్ దగ్గరే ఉంది అసలు కథ

చిన్న లాట్లలో స్క్రాప్ ఎక్కువగా లాటు మధ్యలో రాదు, మొదటి రెండు మూడు పీసుల్లోనే వస్తుంది. లాటు లోపల చుక్కలు ఎంత అందంగా నడిచినా, సెటప్ మొత్తంగా పక్కకు పోతే ఆ లాటంతా పక్కకే. కాబట్టి పై ఆరింటిలో ఏది ఎంచుకున్నా దాని పక్కన ఇంకో చిన్న చార్ట్ పెట్టండి: ప్రతి సెటప్ తర్వాత, ఏ సవరణా చేయక ముందు, మొదటి పీసు తేడా ఒక చుక్క. నెలకు 20 సెటప్‌లు జరిగే మెషీనుకు నెల తిరిగేసరికి 20 చుక్కల ఐ-ఎమ్ఆర్ చార్ట్ చేతికొస్తుంది. ప్రీసెట్టర్ తప్పులు, ఫిక్చర్ సరిగా కూర్చోకపోవడం, ప్రోగ్రాంలో పాత ఆఫ్‌సెట్ మిగిలిపోవడం ఇందులోనే బయటపడతాయి.

సవరణ చేసే తీరుకూ ఒక లెక్క ఉంది. ప్రతి పీసు తేడాను పూర్తిగా ఆఫ్‌సెట్‌లో దిద్దుకుంటూ పోతే, నిలకడగా ఉన్న ప్రాసెస్ సిగ్మా 41 శాతం పెరుగుతుంది. ‘నేను ప్రతి పీసూ చూసి దిద్దుతాను’ అని గర్వంగా చెప్పే ఆపరేటరు తెలియకుండానే చెదురు పెంచుతుంటాడు. ఫ్రాంక్ గ్రబ్స్ 1954లో చెప్పిన సూత్రం దీనికి మందు: మొదటి పీసు తర్వాత తేడాను పూర్తిగా, రెండో పీసు తర్వాత సగం, మూడో పీసు తర్వాత మూడో వంతు దిద్దాలి. మొదటి పీసు +12 మైక్రాన్లు వస్తే ఆఫ్‌సెట్ 12 తగ్గించండి. రెండోది +6 వస్తే 3 తగ్గించండి. మూడోది −3 వస్తే 1 పెంచండి. నాలుగైదు పీసుల తర్వాత చేయి తీసేయొచ్చు. టూల్ వేగంగా అరిగే జాబులకు ఇది పనికిరాదు, అక్కడ సవరణలు చిన్నవవుతూ పోతే అరుగుదల వెనకే మనం పరుగెత్తాలి.

ఎవరికి ఏది

ఒకే మెషీన్, ఒకే రకం ఆపరేషన్, సైజులు మాత్రమే మారుతుంటాయా? నామినల్ నుంచి తేడా చార్ట్. రెండో ఆలోచన వద్దు.

మెటీరియల్స్ రకరకాలు, టాలరెన్సులు రకరకాలు, రీడింగులు కంప్యూటర్లోకి నేరుగా వెళ్తున్నాయా? కుటుంబాలు చేసుకుని జెడ్ చార్ట్. దాని మీదే ఈడబ్ల్యూఎమ్ఏ గీత ఒకటి అదనంగా గీస్తే ఖర్చేమీ లేదు.

కొత్త మెషీన్, కొత్త పని, చరిత్ర శూన్యం అయితే స్క్రీన్ ఉన్నచోట క్యూ చార్ట్, లేనిచోట ప్రీ-కంట్రోల్‌తో మొదలుపెట్టి రీడింగులు అంకెలుగానే రాసి దాచండి. రంగు మాత్రం రాస్తే ఆర్నెల్ల తర్వాత సిగ్మా లెక్కించడానికి ఏమీ మిగలదు.

ఒకటి నుంచి ఐదు పీసుల ఆర్డర్లే చేసేవాళ్లు పీసులన్నీ కొలవక తప్పదు. అంగీకరించాలా వద్దా అన్నది ఆ కొలతే తేలుస్తుంది, చార్ట్ కాదు. ఆ కొలతలనే మెషీన్ తేడా చార్టులో వేసుకుంటే తర్వాతి ఆర్డరుకు పనికొస్తాయి.

కొలతలు లేకుండా మంచి-చెడు లెక్క మాత్రమే ఉంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. రెండు శాతం లోపాలున్న ప్రాసెస్ నుంచి 12 పీసుల లాటు తీస్తే, నాలుగింట మూడు లాట్లకు పైగా లోపాలు సున్నాయే వస్తాయి. అలాంటి చోట పీ చార్ట్ (లాటులో లోపాల వంతు చూపేది) నెలల తరబడి నేలకు అతుక్కుని ఉంటుంది. లాట్లను పక్కనపెట్టి, రెండు లోపాల మధ్య ఎన్ని మంచి పీసులు వచ్చాయన్నది లెక్కించే జీ చార్ట్ ఇక్కడ మెరుగు. వీలైన చోటల్లా గో-నోగో గేజ్ బదులు డయల్ ఉన్న గేజ్ తెప్పించుకుంటే, అవే 12 పీసుల నుంచి 12 అంకెలు వచ్చి పైన చెప్పిన తేడా చార్టుకు దారి దొరుకుతుంది.